స్వల్ప ఆదాయం – బర్కత్‌తో కూడిన జీవనం

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆకలిగొన్నవారికి ఆహారాన్నీ, భయపడినవారికి అభయాన్నీ ప్రసాదించేవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, ఆ మహనీయుని కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు కురియుగాక!

 

గత జుమా నాడు నేను ఇస్రాఫ్, అంటే దుబారా ఖర్చు గురించి ప్రసంగించాను. నమాజ్ ముగిసిన తర్వాత ఒక సోదరుడు నా దగ్గరకు వచ్చి, "మౌలానా, నెలకు పదిహేను వేలు సంపాదించేవాడికి దుబారా గురించి చెప్పడమెందుకు? దుబారా చేయాలన్నా ముందు డబ్బుండాలి కదా!" అన్నారు. నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఆయన ప్రశ్న న్యాయమైనది. మన మస్జిద్‌లో ఈ రోజు కూర్చున్నవారిలో అధికులు ఆటో నడిపేవారు, పంక్చర్ షాపులవారు, వెల్డింగ్, సెంట్రింగ్ పనులు చేసేవారు, టైలర్లు, తోపుడు బండి మీద పండ్లు అమ్ముకునేవారు. మస్జిద్ జీతం మీద బతికే నేను కూడా అదే వరుసలోనివాణ్ణి. వారం రోజులు ఆ ప్రశ్నను మనసులో పెట్టుకుని తిరిగాను. ఈ రోజు దానికే సమాధానం చెప్పదలచాను.

దివ్య ఖుర్ఆన్‌లో తలాఖ్ సూరా ఏడవ ఆయత్‌ను ఒక్కసారి గుర్తు చేసుకోండి. విడాకులు పొందిన స్త్రీకీ, ఆమె ఒడిలోని పసిబిడ్డకూ ఎంత ఖర్చు పెట్టాలన్న సందర్భంలో అది అవతరించింది. సంపన్నుడు తన సంపదకు తగినట్లు ఖర్చు పెట్టాలనీ, ఉపాధి పరిమితంగా ఉన్నవాడు అల్లాహ్ తనకు ఇచ్చినదానిలో నుంచే ఖర్చు పెట్టాలనీ, ఎవరికి ఎంత ఇచ్చాడో అంతకు మించిన భారాన్ని అల్లాహ్ ఎవరి మీదా మోపడనీ ఆ ఆయత్ భావం. చూడండి, ఎంత గొప్ప ఊరట! పసిబిడ్డ పోషణ వంటి తప్పనిసరి బాధ్యతలో కూడా పేదవాడి మీద ధనవంతుడి లెక్కను అల్లాహ్ రుద్దలేదు. అల్లాహ్ మోపని ఆ భారాన్ని మరి ఎవరు మోపుతున్నారు? తెలుగులో మనం "నలుగురు ఏమనుకుంటారు" అంటాము. ఇంట్లో ఉర్దూలో "లోగ్ క్యా కహేంగే" అంటాము. భాష ఏదైనా ఆ భయం ఒక్కటే.

ఈ విషయంలో నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవలసి ఉంది. సంబంధిత సోదరుని అనుమతితోనే చెబుతున్నాను. ఆయన ఎవరని ఎవరూ ఆరా తీయవద్దు.

మన జమాఅత్‌లోని ఒక సోదరుడు వెల్డింగ్ షాపులో పని చేస్తారు. నెలకు పదహారు వేలు వస్తాయి. మూడేళ్ళ క్రితం పెద్దమ్మాయి పెళ్ళి చేశారు. ఫంక్షన్ హాలు, అయిదు వందల మందికి బిర్యానీ, బీరువా, మంచం, పరుపు, అల్లుడికి మోటారు సైకిలు. పొదుపు చేసుకున్నది చాలక రెండు లక్షలు అప్పు చేశారు, నూటికి మూడు రూపాయల వడ్డీకి. అంటే నెలకు ఆరు వేలు వడ్డీ. పదహారు వేలలో ఆరు వేలు పోగా పది వేలు. ఇంటి అద్దె నాలుగు వేలు పోగా ఆరు వేలు. ఆ ఆరు వేలతో అయిదుగురు నెలంతా తినాలి, కరెంటు బిల్లు కట్టాలి, చిన్నవాడి స్కూలు ఫీజు కట్టాలి. ఆ తర్వాత ఇరవై రెండు నెలల్లో ఆయన కట్టిన వడ్డీ 1,32,000 రూపాయలు. అసలు రెండు లక్షలు రెండు లక్షలుగానే ఉన్నాయి.

కొంతకాలానికి ఆయన జుమాకు రావడం మానేశారు. వేరే మస్జిద్‌కు వెళుతున్నారేమో అనుకున్నాను. ఒకరోజు దారిలో కనబడితే అడిగాను. చాలాసేపు నేలచూపులు చూసి, "అప్పిచ్చినాయన శుక్రవారం మన మస్జిద్ గేటు దగ్గరే నిలబడుతున్నాడు మౌలానా, నేను ఎక్కడ దొరుకుతానో ఆయనకు తెలుసు" అన్నారు.

సోదరులారా, ఆ పెళ్ళిలో నికాహ్ చదివించినది నేనే. ఆ బిర్యానీ తిన్నవారిలో నేనూ ఉన్నాను. ఆయన సంపాదన ఎంతో నాకు తెలుసు. అయినా "భాయ్, ఇదంతా ఎక్కడి నుంచి తెచ్చారు?" అని నేను అడగలేదు. పెళ్ళింట్లో అలాంటి ప్రశ్న మర్యాద కాదనుకున్నాను. ఒక విశ్వాసిని జుమా నమాజ్‌కు దూరం చేసిన అప్పులో నా మౌనం కూడా ఒక భాగమే.

ఇప్పుడు గత వారం అడిగిన ప్రశ్నకు వద్దాము. లేనివాడు దుబారా ఎలా చేస్తాడు? తనకు ఇంకా రాని డబ్బును ఖర్చు పెట్టి చేస్తాడు. ధనవంతుడు దుబారా చేస్తే అతని సంపద తరుగుతుంది. పేదవాడు దుబారా చేస్తే ఇంకా సంపాదించని రెక్కల కష్టం తాకట్టులోకి పోతుంది. అందుకే ఈ మాట మనకే ఎక్కువ అవసరం.

దైవప్రవక్త (స) నమాజ్‌లో పాపం నుంచీ, అప్పు నుంచీ అల్లాహ్ శరణు వేడుకునేవారు. అప్పు నుంచి ఇంతగా ఎందుకు శరణు కోరుతున్నారని ఒకరు అడిగితే, అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడవలసి వస్తుంది, మాటిస్తే తప్పవలసి వస్తుంది అన్న భావంలో ఆయన బదులిచ్చారు. ఈ హదీసు బుఖారీలో ఉన్నది. పిల్లవాణ్ణి గుమ్మం దగ్గరకు పంపి "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అనే ఇళ్ళు మన బస్తీలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ పిల్లవాడు మొదటి అబద్ధం తండ్రి దగ్గరే నేర్చుకుంటున్నాడు. తర్వాత వాడిని మనం మదరసాకు పంపి సత్యం పలకమని నేర్పించమంటాము.

అప్పుకు సంబంధించిన మరొక సంఘటన ఒళ్ళు జలదరింపజేస్తుంది. ఒక జనాజాను తెచ్చి దైవప్రవక్త (స) ముందు పెట్టారు. ఇతనికి అప్పు ఏమైనా ఉన్నదా అని ఆయన అడిగారు. ఉన్నదన్నారు. దానిని తీర్చడానికి ఏమైనా విడిచి వెళ్ళాడా అని అడిగారు. లేదన్నారు. అయితే మీ సహచరునికి మీరే నమాజ్ చదవండి అన్నారు. అప్పుడు హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చి ఆ అప్పు నాది, నేను తీరుస్తాను అని చెప్పిన తర్వాతే ఆయన జనాజా నమాజ్ చేయించారు. మనం భయపడే ఆ నలుగురు రేపు మన జనాజాను మోస్తారు. అప్పును మోసే అబూ ఖతాదాలు ఎందరున్నారు?

వడ్డీ హరామ్ అని మీకు నేను కొత్తగా చెప్పనవసరం లేదు. బఖరా సూరాలో దానిని గురించి వచ్చినంత తీవ్రమైన హెచ్చరిక చాలా తక్కువ పాపాల విషయంలో వచ్చింది. అయితే హరామ్ అని తెలిసినా మన సోదరులు రోజువారీ ఫైనాన్స్ తీసుకుంటున్నారు కనుక దాని లెక్క కాస్త విప్పి చెబుతాను. పది వేల అప్పు అంటారు. చేతికి తొమ్మిది వేలు ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కాని రెండవ రోజు నుంచే తిరిగి కడుతూ వస్తాము కనుక ఆ తొమ్మిది వేలూ పూర్తిగా మన దగ్గర ఉండేది ఒక్క రోజే. సగటున చూస్తే వంద రోజులూ మన చేతిలో ఉన్నది నాలుగున్నర వేలే. నాలుగున్నర వేలకు వంద రోజులకు వెయ్యి. ఏడాదికి లెక్క కడితే నూటికి ఎనభై దాటుతుంది. అది తీరకముందే దానిని మూసివేయడానికి మరొకటి తీసుకుంటారు. మహిళల సంఘాల పేరుతో వచ్చే వారవారీ కిస్తీల సంగతీ అంతే. కిస్తీలు కట్టలేక ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు వరుసగా వచ్చిన మీదట 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను అదుపు చేయడానికి ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. మనలో పెద్దవారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి.

అయితే, సోదరులారా, పొదుపు అనగానే ఇంట్లో పాలు తగ్గించడం, కూరలో నూనె తగ్గించడం గుర్తుకు వచ్చే మగవారు కొందరున్నారు. రోజుకు నలభై రూపాయలు గుట్కాకో సిగరెట్టుకో పోతాయి. ఏడాదికి అది 14,600 రూపాయలు. దాని జోలికి వెళ్ళరు. భార్య కిలో మాంసం తెమ్మంటే మాత్రం ఇస్రాఫ్ గుర్తుకు వస్తుంది! హజ్రత్ హింద్ (రజి) దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చి, తన భర్త అబూ సుఫ్యాన్ ఇంటి ఖర్చుకు సరిపడా ఇవ్వడని ఫిర్యాదు చేసినప్పుడు, నీకూ నీ పిల్లలకూ న్యాయంగా సరిపోయేటంత అతని సొమ్ములో నుంచి తీసుకో అని ఆయన అనుమతించారు. భార్యాపిల్లల కడుపు మాడ్చి మిగిల్చినదానికి ఇస్లాంలో పొదుపు అన్న పేరు లేదు. ఫుర్ఖాన్ సూరాలో కరుణామయుని దాసుల గుణాలు చెబుతూ, వారు ఖర్చు చేసేటప్పుడు హద్దు మీరరు, పిసినారితనమూ చూపరు, ఆ రెంటి నడుమ నిలబడతారు అని అల్లాహ్ ప్రశంసించాడు. పిసినారితనం కూడా ఆ హద్దుల్లో ఒకటేనని మరువరాదు.

మరి కొందరు, ముఖ్యంగా మంచి భక్తిపరులు, రేపటి కోసం దాచుకోవడం తవక్కుల్‌కు, అంటే అల్లాహ్ మీద భరోసాకు విరుద్ధమని భావిస్తారు. అది సరి కాదు. బనూ నజీర్ తోటల ఫలసాయం వచ్చినప్పుడు దైవప్రవక్త (స) తన కుటుంబానికి ఏడాది గ్రాసం తీసి ఉంచేవారని హజ్రత్ ఉమర్ (రజి) తెలిపారు. ఏడు పంటల ధాన్యాన్ని తినడానికి కావలసిన కొద్దిపాటి మినహా వెన్నుల్లోనే ఉంచి నిలవ చేయమని హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) చెప్పిన వృత్తాంతం ఖుర్ఆన్‌లోనే ఉన్నది. ఆ ప్రవక్త ఇంట్లోనే రెండు నెలల్లో మూడు నెలవంకలు చూసినా పొయ్యి వెలగని రోజులుండేవి. ఖర్జూరాలూ నీళ్ళూ, పొరుగున ఉన్న అన్సారులు పంపే పాలూ ఆహారంగా ఉండేవని హజ్రత్ ఆయిషా (రజి) తన అక్క కుమారుడు ఉర్వాకు చెప్పారు. ఈ రెండు హదీసుల నడుమ వైరుధ్యం ఉన్నదని నేను మదరసాలో చదివే రోజుల్లో అనుకునేవాణ్ణి. వయసు పెరిగాక అర్థమైంది. దాచుకునేవారు, ఎవరైనా ఆకలితో వస్తే దాచినది ఇచ్చేసేవారు.

ఇక సంపాదన తక్కువగా ఉన్నవారికి నేను ఎప్పుడూ చెప్పే సంఘటన ఒకటున్నది. అబూ దావూద్ గ్రంథంలో ఉన్నది. అన్సారులలో ఒక పేదవాడు దైవప్రవక్త (స) దగ్గరకు యాచనకు వచ్చారు. నీ ఇంట్లో ఏమున్నదని ఆయన అడిగారు. సగం కప్పుకుని సగం పరచుకునే ఒక దుప్పటి, నీళ్ళు తాగే ఒక పాత్ర ఉన్నాయన్నారు. వాటిని తెప్పించి, తన చేతుల్లోకి తీసుకుని, ఎవరు కొంటారని అడిగారు. ఒకరు ఒక దిర్హమ్ ఇస్తామన్నారు. అంతకంటే ఎక్కువ ఎవరిస్తారని రెండు మూడు సార్లు అడగగా మరొకరు రెండు దిర్హములకు కొన్నారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి కొనమని, రెండవదానితో గొడ్డలి కొని తన దగ్గరకు తెమ్మని చెప్పారు. తెచ్చిన గొడ్డలికి తన స్వహస్తాలతో కామ బిగించారు. పోయి కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజుల వరకు నాకు కనబడవద్దు అన్నారు. ఆ మనిషి పది దిర్హములతో తిరిగి వచ్చారు.

ఈ సంఘటనలో మొదటి దిర్హము సంగతి చాలామంది వదిలేస్తారు. గొడ్డలికన్నా ముందు ఇంటికి తిండి. రెండు దిర్హములూ పెట్టుబడి పెట్టమనలేదు. అలాగని రెండూ తినేయమనలేదు. మన దగ్గర ఉన్నది ఎంత తక్కువైనా అందులో ఒక వంతు గొడ్డలికి ఉండాలి. అది కుట్టు మిషను కావచ్చు, డ్రిల్లింగ్ మిషను కావచ్చు, అబ్బాయి ఐటీఐ ఫీజు కావచ్చు. కిస్తీల మీద కొన్న ఇరవై వేల ఫోను మాత్రం గొడ్డలి కాదు.

పెళ్ళిళ్ళ విషయం మళ్ళీ చెప్పక తప్పదు. ఎందుకంటే మన బస్తీలో నాకు తెలిసిన పెద్ద అప్పులన్నీ దాదాపుగా అక్కడే పుట్టాయి, కొన్ని మాత్రం ఆసుపత్రిలో. క్రీ.శ. 628లో ఖైబర్ నుంచి తిరిగి వస్తూ దారిలో దైవప్రవక్త (స) హజ్రత్ సఫియ్యా (రజి)తో జరిగిన వివాహానికి వలీమా ఇచ్చారు. తోలు పరచి దాని మీద ఖర్జూరాలు, ఎండు జున్ను, నెయ్యి పెట్టారు. రొట్టె లేదు, మాంసం లేదు. తన గారాల కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి)ను హజ్రత్ అలీ (రజి)కి ఇచ్చినప్పుడు, ఆయన దగ్గరున్న ఒక కవచమే మహర్ అయింది. వరుడు ఇవ్వవలసిన మహర్‌ను మనం కాగితం మీద ఉధార్‌గా రాయించుకుంటాము. ఇవ్వనక్కరలేని జహేజ్‌ను వధువు తండ్రి చేత రొక్కంగా వసూలు చేస్తాము. ఈ తలకిందుల లెక్కను షరీఅత్ మనకు నేర్పలేదు. పిల్లవాడి తల్లిదండ్రులారా, మీరు నోరు తెరిచి ఏమీ అడగలేదని నాతో చెబుతారు. నిజమే, అడగలేదు. "మీ అమ్మాయికి మీరు ఇచ్చుకునేది మీ ఇష్టం" అని మాత్రం అన్నారు. ఆ మాటకు ఎంత ఖర్చవుతుందో ఆ వెల్డింగ్ పనిచేసే సోదరుణ్ణి అడగండి.

ఆయన సంగతి చెప్పి ముగిస్తాను. ఒకరోజు ఇషా తర్వాత ఆయన ఇంట్లోనే కూర్చున్నాము, నేనూ, కమిటీ పెద్దలు ఇద్దరూ. కాగితం తీసి లెక్క రాయబోతే ఆయనకు సగం అంకెలు గుర్తు లేవు. తలుపు వెనుక నుంచి ఆయన భార్య ఒక్కొక్కటే చెప్పారు: గ్యాసు ఎంత, కిరాణా ఎంత, ఎవరికి ఎంత బాకీ. ఆమెకు అంతా తెలుసు. ఆమెను మూడేళ్ళుగా ఎవరూ అడగలేదు, అంతే. ఇంటి లెక్క ఇంటామెతో కలిసి రాయండి. అప్పును కూడా రాసుకోండి. ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ అప్పు పత్రం రాసుకోవడం గురించే వచ్చింది.

జమాఅత్‌లోని ఇద్దరు ఖర్జె హసనాగా, అంటే వడ్డీ లేని మంచి రుణంగా కొంత ఇచ్చారు. మరొకరు జకాత్ నుంచి ఇచ్చారు. అప్పుల్లో మునిగినవారు జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో ఒక వర్గం. దానిని తీసుకోవడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. అలా 80,000 పోగైంది. అప్పిచ్చినాయనతో మాట్లాడాము. ఆయన మన మతస్థుడు కాదు. అయినా మర్యాదగా విన్నారు. 80,000 ఒకేసారి తీసుకుని, మిగిలిన 1,20,000ను వడ్డీ లేకుండా నెలకు నాలుగు వేల చొప్పున తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఇప్పటికి పదకొండు నెలలైంది. ఇంకా 76,000 ఉన్నది. ఆ తర్వాత ఖర్జె హసనా తీర్చాలి. సులువుగా ఏమీ లేదు. ఆయన భార్య ఇంట్లో చీరలకు ఫాల్ కుడుతున్నారు. గత బక్రీద్‌కు కొత్త బట్టలు చిన్నవాడికి మాత్రమే కొన్నారు. కాని ఆయన జుమాకు వస్తున్నారు. ఈ రోజు కూడా వచ్చారు.

చిట్టీల గురించి కొందరు అడిగారు. అందరూ సమానంగా వేసి, చీటీ తీసి, వంతు వచ్చినవారికి పూర్తి మొత్తం ఇచ్చే పద్ధతిని ఉలమాలు పరస్పర రుణంగా భావించి అనుమతించారు. వేలం పాడి, అవసరం ఉన్నవాడు తక్కువ తీసుకుని మిగిలినది అందరూ పంచుకునే పద్ధతి వేరు. అందులో వడ్డీ ఉన్నది, దూరంగా ఉండండి.

వచ్చే శుక్రవారం నుంచి జుమా తర్వాత మదరసా గదిలో కమిటీ పెద్దలు ఇద్దరు ఒక గంట కూర్చుంటారు. ఫైనాన్స్ కిస్తీలతో ఇబ్బంది పడుతున్నవారు వచ్చి మాట్లాడవచ్చు. పేర్లు బయటికి రావు. ఇచ్చే శక్తి ఉన్నవారు కూడా అక్కడికే రండి; గదికి రెండో వైపు తలుపు ఉన్నది, ఎవరు ఇవ్వడానికి వచ్చారో ఎవరు తీసుకోవడానికి వచ్చారో బయట నిలబడినవారికి తెలియదు. ఇంకొక మాట. ఈ నెల ఇరవైన అసర్ తర్వాత ఇదే మస్జిద్‌లో ఒక నికాహ్ ఉన్నది. ఖర్జూరాలు, చాయ్ ఇస్తారు. వధువు తండ్రి భోజనాలు పెట్టడం లేదు. ఎందుకు పెట్టలేదని ఆయనను ఎవరూ అడగవద్దని నా విన్నపం. తప్పకుండా రండి, నేనూ వస్తాను.

అల్లాహ్ మనలో అప్పుల్లో ఉన్నవారి అప్పు తీర్చుగాక! హలాల్‌తో మనకు సరిపోయేటట్లు చేసి, హరామ్ అవసరం లేకుండా చేయుగాక! మన ఇళ్ళలోని కొద్దిపాటి ఆహారంలో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.

ఇప్పుడు సున్నత్ నమాజ్ చేసుకోండి. ఆ తర్వాత అజాన్, అరబీ ఖుత్బా ఉంటాయి. వెనుక వరుసలవారు కాస్త ముందుకు జరిగి, మెట్ల మీద నిలబడినవారికి చోటివ్వండి.